రాత్రిళ్లు భయం వేస్తుంటే ఏం చదవాలి?

వందనాలు సిస్టర్. రేపు ఏమవుతుందోనన్న టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదని, ఇలా భయపడితే విశ్వాసం లేనట్టేనా అని అడిగారు. కాదండీ. బైబిల్లో 56వ కీర్తన 3వ వచనంలో దావీదు భయమే లేదనలేదు, భయం కలిగిన రోజున దేవుణ్ణి ఆశ్రయిస్తానన్నాడు.

ఈ రాత్రి బైబిల్లోనే విలాపవాక్యములు అనే పుస్తకం 3వ అధ్యాయం తీయండి. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కూలిపోయినప్పటి గోడు అది. మొదటి 20 వచనాల్లో అంతా చీకటి, చేదు, రాళ్లతో పళ్లు నలిగిపోవడం. వాటిని దాటేయకండి, మీ మాటలుగానే పైకి చదవండి. 21లో స్వరం మారుతుంది. పట్నం ఇంకా శిథిలాల్లోనే ఉంది, అయినా దేవుని వాత్సల్యం ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందంటాడు ఆ గోడు రాసినవాడు. నేను చాలా రాత్రులు ఆ 23వ వచనం మీద వేలు పెట్టుకునే నిద్రపోయాను.

నిద్రలేమి ఇలాగే కొనసాగితే డాక్టర్‌ను కూడా కలవండి. అది అవిశ్వాసం కాదు.