సెప్టేటా, బైకార్న్యుయేటా? హెచ్‌ఎస్‌జీతో తేలదు

ఒకే హెచ్‌ఎస్‌జీ (గర్భసంచిలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) చూసి ఒక డాక్టరు మీ గర్భసంచి సెప్టేట్ (లోపల అడ్డుగోడ ఉన్నది), ఇంకొకరు బైకార్న్యుయేట్ (పైభాగం రెండుగా చీలినది) అన్నారంటే ఆశ్చర్యం లేదండీ. ఆ ఎక్స్‌రేలో మందు లోపలి ఖాళీనే చూపిస్తుంది. తేడా ఉండేది గర్భసంచి పైభాగం బయటి అంచులో.

పిండంలో రెండు ముల్లేరియన్ నాళాలు కలిసి గర్భసంచి అవుతాయి. కలయిక సగంలో ఆగితే పైభాగం బయటే చీలి ఉంటుంది, అది బైకార్న్యుయేట్. పూర్తిగా కలిసినా మధ్యగోడ కరగకపోతే సెప్టేట్. బయట దాదాపు నునుపుగానే ఉంటుంది.

3డీ అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ తీయించండి. బయటి నొక్కు 1 సెం.మీ. దాటితే సాధారణంగా బైకార్న్యుయేట్ అంటారు. ఇది తేలకుండా హిస్టరోస్కోపీలో (గర్భసంచిలోకి సన్నని కెమెరా గొట్టం పంపి చేసే ప్రక్రియలో) గోడ కోయించుకోవద్దు, గర్భసంచికి చిల్లు పడొచ్చు. కిడ్నీలు కూడా చూడమనండి: కిడ్నీ ఏర్పడటానికి కావలసిన మూత్రనాళపు మొగ్గ పిండంలో వుల్ఫియన్ అనే నాళం నుంచి పుడుతుంది, ముల్లేరియన్ నాళం దాని వెంబడే పెరుగుతుంది, అందుకే రెండింట్లోనూ లోపం ఉండొచ్చు. అండాశయాల మూలం వేరు, అవి మామూలుగానే ఉంటాయి.