గాలి లేని రోజు గురించి మేనల్లుడికి

ఒరే అల్లుడా,

గుజరాత్‌లోని వెరావల్ నుంచి ఈసారి వచ్చేస్తే మళ్ళీ వెళ్ళవట కదా. స్నేహితులిద్దరితో కలిసి ఫైబర్ బోటు బేరం ఆడావని, వేట నిషేధం తీరగానే జూన్ 15న దింపుతావని నిన్న మీ అమ్మ ఏడుస్తూ చెప్పింది. అది భయమో సంతోషమో దానికే తెలీలేదు. నాకూ రాత్రంతా నిద్ర లేదు. ఎవరి ట్రాలరు మీదో కూలికి పోయిన గుంటడు సొంత బోటు దింపుతున్నాడంటే గుండె నిండింది. ఆ వెంటనే మన ఒడ్డు గుర్తొచ్చింది.

లైఫ్ జాకెట్లు ముగ్గురికీ కొను, కొని వేసుకో. కోస్ట్ గార్డు నంబరు 1554 ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి. కళింగపట్నం పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారంటే ఆ పూట వల ఎండబెట్టుకో.

గాలి సంగతి నీకు తెలుసు. తెల్లారగట్ల నేల మీంచి వీచే గాలి సముద్రాన్ని ఒడ్డు దగ్గర అణిచి ఉంచుతుంది, అప్పుడు దాటిపోవాలి. పొద్దెక్కాక గాలి మళ్ళుతుంది. వానాకాలపు నైరుతి గాలి మన ఒడ్డు వెంబడే వీచి బోటుని ఒడిశాలోని గంజాం వైపు తోసేస్తుంది. అందుకే వెళ్ళేటప్పుడు దానికి ఎదురెళ్ళు, అలిసిపోయి వచ్చేటప్పుడు అది నీ వెనక ఉండాలి. గాలి ఒకవైపు, నీటి లాగుడు దానికి ఎదురు ఉన్న చోట కెరటాలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. అక్కడ వల వెయ్యకు.

నా భయం గాలి ఉన్న రోజు గురించి కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. రెండు రోజుల ముందే రేడియో చెప్పింది, అందరం బోట్లు పైకి లాక్కున్నాం. తుఫాను చెప్పే వస్తుందిరా. చెప్పకుండా వచ్చేది ఇంకోటి ఉంది.

మీ చిన్న మావయ్య కుడికాలు ఈడుస్తాడు కదా. తుఫానులో విరిగిందని మీ పిల్లలకి చెప్పాం. అది అబద్ధం. నీకింకా నడక రాని ఏడు, ఏప్రిల్ మొదట్లో, ఒక్క ఆకు కూడా కదలని రోజది. నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. వేట కలిసొచ్చింది, బోటు అడుగున కోనాం చేపలు. ఐసు వ్యాను పదకొండింటికి వెళ్ళిపోతుంది. వచ్చేసరికి ఒడ్డు దగ్గర బారుగా, నిదానంగా కెరటాలు లేస్తున్నాయి. గాలి లేదు కదా, ఇవేం చేస్తాయిలే అనుకున్నాను. ఒడ్డున ఆడవాళ్ళు కొంగులు ఊపుతున్నారు. బేగి రమ్మంటున్నారనుకున్నాను. రావద్దంటున్నారు.

తమ్ముడు అన్నాడు, "అన్నా, కాసేపు చూద్దాం." నేను వినలేదు. మూడు కెరటాలు వెళ్ళాయి, వెనక నున్నగా కనబడింది. ఇంజను పెంచాను. ఆ గుంపులో పెద్దది నాలుగోది. లోతులో అది ఇంకా లేచి నిలబడలేదు, అందుకే నా కంటపడలేదు. ముందు కెరటాన్ని దాటేసి బోటు ముక్కు నీళ్ళలో గుచ్చుకుంది, వెనకది వచ్చి బోటు వెనక కొస ఎత్తేసింది, బోటు అడ్డం తిరిగి బోర్లాపడింది. దాని అంచుకీ ఇసుకకీ మధ్య వాడి తొడ. కోనాలు కెరటాల్లో తేలుతుంటే పిల్లలు ఏరుకుంటున్నారు, అది కూడా గుర్తే. మీ అమ్మమ్మకి నా తొందర వల్లేనని చెప్పలేకపోయాను. వాడూ చెప్పనివ్వలేదు.

ఆ కెరటం మన సముద్రంలో పుట్టింది కాదని తరవాత ఎప్పటికో తెలిసింది. హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన పెద్ద గాలివాన రేగితే, దాని కెరటాలు ఐదారు రోజులు ప్రయాణం చేసి మనదాకా వస్తాయి. కేరళ జాలర్లు దీన్ని కళ్ళక్కడల్ అంటారు, దొంగలా వచ్చే సముద్రమని. లోతులో బోటు కింద నుంచి మెల్లగా దొర్లిపోతుంది, నీకు తెలీనే తెలీదు. అడుగు తగిలాక నెమ్మదించి ఎత్తుకెత్తు పెరుగుతుంది. ఇప్పుడు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు ముందే హెచ్చరిక పెడుతున్నారు. రోజూ చూడు. అందులో రెండు మీటర్లని ఉంటే అది పెద్ద కెరటాల సగటు మాత్రమే, ఒక్కోటి దాదాపు దానికి రెట్టింపు రావచ్చు. అమావాస్య, పౌర్ణమి పోటు కూడా కలిస్తే మరీ జాగ్రత్త.

వెరావల్లో హార్బరు గోడ లోపలే దిగావు, లోపలే ఎక్కావు. మనకి జెట్టీ లేదు. అందుకే దింపే ముందు ఒడ్డున అరగంట నిలబడి, ఒక కెరటం విరిగాక ఇంకోటి విరిగేదాకా లెక్కపెట్టు. 5, 6 సెకన్లైతే దగ్గరి గాలి తెచ్చినది. 14, 16 సెకన్లు పడుతుంటే, అది చిన్నగా ఉన్నా ఆ రోజు నమ్మకు. వచ్చేటప్పుడూ విరిగే చోటుకి బయటే ఆగు. రెండు మూడు గుంపులు పోనిచ్చి, ఆఖరి కెరటం వీపు వెనకే రా, దాన్ని దాటకు. వంశధార మొగలోంచి దూరిపోదామనుకోకు. పోటు తీసే వేళ ఏటి నీరు బయటికి, కెరటం లోపలికి తోస్తాయి, అక్కడ ఇంకా నిటారుగా లేస్తుంది. కుదరకపోతే సాయంత్రందాకా లోతులోనే ఉండు. అందుకు సరిపడా పెట్రోలు, తాగునీళ్ళు ఎప్పుడూ ఎక్కువే పెట్టుకో. వ్యాను పోతే పోనీ, చేప కుళ్ళితే కుళ్ళనీ. వినబడుతోందా?

తొలిరోజు నేను ఒడ్డునే ఉంటాను. ఎర్ర తుండు రెండు చేతులతో అడ్డంగా పట్టుకుంటే ఆగు. తల మీద గిరగిరా తిప్పితే రా. ఇంకెవరు ఏం ఊపినా చూడకు. పక్కన మీ చిన్న మావయ్య ఉంటాడు. ఆ రోజు నుంచి కెరటాలు లెక్కపెట్టేది వాడే.

మీ పెద్ద మావయ్య