గుడివాడలోనే ఉన్నాను

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. పదకొండు పేజీలు. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఏడో పేజీ దగ్గర ఆగిపోయి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ ఏడో పేజీ లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. కానీ ముందు కోపం సంగతి చెప్పనీ.

"ఒక్క నలభై ఏళ్లు ముందు పుట్టి ఉంటే" అని మొదలుపెట్టావు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల శ్రీనివాస్ మాండలిన్ పట్టుకుని తొలి కచేరీకి కూర్చున్నప్పుడు అక్కడ ఏదో ఒక మూల ఉండి ఉంటే ఈ జన్మకి అదే చాలు అన్నావు.

అమ్మా, నేను నువ్వు కోరుకున్నంత ముందే పుట్టాను. ఆ ఏడంతా గుడివాడలోనే ఉన్నాను. ఒక బియ్యం మిల్లులో గుమాస్తాని. పగలు బస్తాల లెక్క రాసి, రాత్రి పాత చిట్టా కాగితాల వెనకవైపు కథలు రాసుకునేవాణ్ని. కథలతో పాటు తిరుగు స్టాంపులు కూడా పెట్టి పత్రికలకి పంపేవాణ్ని, స్టాంపులు వాడుకుని మరీ తిప్పి పంపేవాళ్లు. ఆ కచేరీ నేను వినలేదు. వద్దనుకుని మానలేదు, జరుగుతోందనే తెలియదు. ఆ సాయంత్రం ఎక్కడున్నానో ఇప్పుడు ఎంత తన్నుకున్నా గుర్తు రాదు. మిల్లులో ఉన్నానేమో, హోటల్లో దోసె తింటున్నానేమో. నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఆ పిల్లవాడు వాయిస్తుంటే నేను మామూలుగా ఒక రోజు గడిపేశాను. ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత ఒక పత్రికలో చదివి తెలుసుకున్నాను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అందుకే నీ మూడో పేజీ చదువుతుంటే ఒళ్లు మండింది. సభ అంతా నిశ్శబ్దం అన్నావు. ముందు వరసలో ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారన్నావు. గంధం వాసన, మల్లెల వాసన. "శ్రోతలంతా మంత్రముగ్ధులయ్యారు." నీకెవరు చెప్పారు? ఆ ఊళ్లో ఉన్న నాకే తెలియదు, నీకెలా తెలుసు?

నీ 1978లో ఉప్పెన లేదు, గమనించావా? అంతకు ముందు ఏడు, 1977 నవంబర్ 19న దివిసీమని సముద్రం ముంచేసింది. వేలమంది పోయారు. అది కూడా కృష్ణా జిల్లాయే. మా మిల్లు నుంచి బియ్యం వేసుకుని వెళ్లిన లారీలో నేనూ ఎక్కి అవనిగడ్డ దాకా వెళ్లాను. తలలు విరిగిన తాడిచెట్లు, పొలాల్లో ఉబ్బిపోయిన పశువులు, ఎవరి కోసమో తెలియకుండా గట్ల వెంట తిరుగుతున్న మనుషులు. ఆ వాసన నా చొక్కాకి పట్టి, రెండుసార్లు ఉతికినా పోలేదు. ఆ తర్వాత కొద్ది నెలలకే అసెంబ్లీ ఎన్నికలు, గోడలన్నీ రాతలు, మైకులు. ఆ ఏడు గుడివాడలో కచేరీకి వెళ్లి కూర్చున్న మనిషి ఎవరైనా ఇవన్నీ మోసుకుని వెళ్లినవాడే. అది వదిలేసి నువ్వు గంధం పూశావు.

నేనూ ఈ తప్పు చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారంటే పిచ్చి. ఆయన 1964లోనే పోయారు, నేను రికార్డుల్లో తప్ప వినలేదు. విజయనగరంలో ఆయన తొలినాళ్ల కచేరీ ఒకటి ఊహించి ఒక వ్యాసం రాశాను. వయొలిన్ ఎత్తే ముందు ఆయన జనం వైపు తేరిపార చూసి, ఆఖరి వరసలో కూర్చున్న కుర్రాణ్ని చూసి నవ్వారని రాశాను. అది అచ్చయింది కూడా. నెల తిరక్కుండా ఒక పెద్దాయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. విజయనగరంలో చదువుకునే రోజుల్లో నాయుడు గారిని దగ్గరగా విన్న మనిషి. కార్డులో ఒకటే వాక్యం: "నాయనా, ఆయనకి చూపు సరిగా ఆనేది కాదు." ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. ఎప్పుడైనా చూడనిదాన్ని చూసినట్టు రాయబోతే డ్రాయరు తెరిచి చూసుకుంటాను.

నేను నీకు చెప్పదలచుకున్నది ఈ ఒక్కటే. వినని కచేరీని విన్నట్టు రాయకు. నీ చెవి ఎక్కడుందో అక్కణ్నుంచి రాయి. నువ్వు శ్రీనివాస్‌ని హాస్టల్ గదిలో, రాత్రి పన్నెండు దాటాక, ఇయర్‌ఫోన్‌లో విన్నావు. ఒక చెవిది పనిచేయదని కూడా రాశావు. మరి ఆ సగం చెవితో ఏం వినిపించింది? అది రాయాలి. ఆయన 2014 సెప్టెంబర్ 19న నలభై అయిదేళ్లకే పోయినప్పుడు నీకు పన్నెండేళ్లు. ఎదురుగా వినే అవకాశం నీకు రాలేదు. ఆ వెలితి నీది, నిజమైనది. దాని మీద గుడివాడ బొమ్మ అతికించి ఎందుకు దాచేస్తావు?

ఇక మంత్రముగ్ధుల సంగతి. ఆ మాటతో నాకు పాత పగ ఉంది. 1986లో ఒక సన్నాయి కచేరీ విని నాలుగు పేజీలు రాసి ఒక వారపత్రికకి పంపాను. ఆ విద్వాంసుడు సన్నాయికి పెట్టి ఊదే పీకని ఎలా తడుపుకున్నాడో, రాగం మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో, డోలు ఆయన ఎండ పడకుండా ఎందుకు పక్కకి జరిగాడో, అన్నీ రాశాను. అచ్చయి వచ్చింది ఒక పేజీ. నా వివరాలు ఒక్కటి లేవు. చివర "తన గానామృతంతో శ్రోతలను మంత్రముగ్ధులను చేశారు" అని ఉంది. కింద నా పేరు. ఆ వాక్యం నేను రాయలేదని ఎంతమందికి చెప్పుకోను? ఆ ఎడిటర్‌కి ఉత్తరం రాస్తే, పాఠకులకి వివరాలు అక్కర్లేదు, అనుభూతి కావాలి అని జవాబిచ్చాడు. ఆ అనుభూతి వివరాల్లోనే ఉందని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇప్పుడైతే ఇంకొకటి తయారైంది. ప్రతి ప్రత్యేక సంచికలోనూ "ఆ రోజులే వేరు" అని ఒక వ్యాసం. చూడనివాళ్లు కూడా ఆ రోజుల కోసం ఏడుస్తున్నారు, ఆ ఏడుపుకి బహుమతులు ఇస్తున్నారు. నువ్వు ఆ వరసలో నిలబడొద్దు. నీ వ్యాసంలో "బాల మేధావి" ఐదుసార్లు, "దైవదత్తం" మూడుసార్లు ఉన్నాయి. ఎనిమిదీ కొట్టేశాను.

దైవదత్తం అని తేల్చేస్తే ఆ పిల్లవాడు పడ్డ శ్రమ ఎవరి ఖాతాలో వేస్తావు?

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోట నిలబడి చూడు. "గురువు దగ్గర సంగీతం నేర్చుకున్నాడు" అన్నావు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, కర్ణాటక గాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ గారికి కూడా ఆయనే గురువు. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆరేళ్ల పిల్లవాడు విని తీగల మీద వాయించేవాడు. ఆలోచించు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో గురువు చూపించలేరు. ఒక మనిషి గొంతులో వినబడిన జారు, ఊపు మాండలిన్ మెట్ల మీద ఎక్కడ దొరుకుతాయో తనే వెతుక్కోవాలి.

ఆ వాయిద్యం కూడా మొండిది. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. మీటగానే టింగుమని మోగి వెంటనే ఆరిపోతుంది. సినిమా పాటలో రెండు బిట్ల మధ్య తళుక్కుమనడానికి బాగుంటుంది. మన రాగానికి అది చాలదు. స్వరం నిలబడాలి, ఊగాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. వీణ మీద తీగని పక్కకి లాగి ఆ పని చేస్తారు. బిగుతుగా ఉన్న జంట తీగల్ని ఒకే వేలితో అలా లాగి చూడు, రెండూ ఒకేలా కదలవు. శ్రీనివాస్ జంటలు వదిలేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఐదు. ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారాడు, మోగిన స్వరం చచ్చిపోకుండా. కరెంటు తీగ ఉన్న వాయిద్యం మీద త్యాగరాజ కృతా అని మొహం చిట్లించినవాళ్లు ఉన్నారు. 1981లో మద్రాసు డిసెంబర్ సీజన్లో, ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ కచేరీలో, అలాంటి చెవుల ముందే ఆ పిల్లవాడు కూర్చున్నాడు. ఇది కదా రాయాల్సింది! బెర్లిన్ జాజ్ ఉత్సవానికి రెండు పేజీలు ఇచ్చావు. 1983లో వెళ్లాడు, వాయించాడు, గొప్పే. రెండు వాక్యాలు చాలు.

నేను ఆయన్ని మొదట విన్నది క్యాసెట్‌లో. విజయవాడ బస్టాండ్ దగ్గర ఒక కొట్లో కొన్నాను. నా దగ్గర టేప్‌రికార్డర్ లేదు. పక్క వాటాలో ఉండే రైల్వే ఉద్యోగి ఇంట్లో ఉండేది. వాళ్లింట్లో వార్తలు అయ్యాక, భోజనాలు అయ్యాక, అరగంట పెట్టనిచ్చేవారు. కదనకుతూహలం వినగానే వాళ్ల పిల్లలు గంతులేశారు, ఆ రాగం అలాంటిది. తర్వాత తోడి రాగం మొదలైంది. పిల్లలు వెళ్లిపోయారు. ఆయన భార్య అంట్లు తోముతూ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఆవిడకి సంగీతం రాదు. "ఇది వీణా అండీ?" అని అడిగింది. కాదమ్మా, మాండలిన్ అన్నాను. నమ్మలేదు. గాంధార స్వరం ఊగినప్పుడల్లా నా వైపు చూసేది. నాకు శ్రీనివాస్ తొలి కచేరీ అంటే ఆ రాత్రే.

ఇక ఏడో పేజీ.

మీ తాతగారు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవారని రాశావు. పాలకొల్లు చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ తిరిగారని, ఊపిరితిత్తులు పాడయ్యాక డాక్టర్లు ఊదొద్దన్నారని రాశావు. రేడియోలో మాండలిన్ వస్తే క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని వేళ్లు కదిపేవారట, ఊదేవారు కాదట. "ఆ అబ్బాయి నాన్నా మాలాగా క్లారినెట్టేనే" అని మీ నాయనమ్మతో అన్నారట. ఇంతే. మూడు వాక్యాలు. తర్వాత పేజీలో నువ్వు మళ్లీ గుడివాడ వెళ్లిపోయావు.

ఎందుకు వెళ్లిపోయావు తల్లీ? నువ్వు చూసింది అక్కడే ఉంది. సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారన్నది నాలాంటి వాళ్లు చదివి తెలుసుకున్న సంగతి. అదే సంగతి మీ తాతగారికి ఏమనిపించిందో నీ ఒక్కదానికే తెలుసు. అదే వాయిద్యం పట్టుకున్న ఇద్దరిలో ఒకాయన ఇంట్లో ఆ పిల్లవాడు పుట్టాడు. ఇంకొకాయన పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైట్ల వెనక నడిచి, చివరికి ఊపిరి లేక వేళ్లతో మాత్రం వాయించుకున్నాడు. అసూయా? గర్వమా? రెండూనా? ఆ వేళ్లు పాట వెంట సరిగ్గా నడిచేవా, వెనకబడేవా? మాండలిన్ పరుగు క్లారినెట్ వేళ్లకి అందుతుందా? నువ్వు చిన్నపిల్లవి, పక్కన కూర్చుని చూశావు. నీ చిన్నప్పటి కళ్లతో ఒక్కసారి మళ్లీ చూసి రాయి.

ఆ మూడు వాక్యాలు బాగా రాశావు. బాగున్నవి ఎక్కడైనా ఉంటే ఎర్ర సిరాతో గీత గీస్తాను. నీ ప్రతిలో అక్కడ మాత్రమే ఉంది చూడు.

పోటీకి పంపనా అని అడిగావు. పంపకు, గడువు చూసి రాసింది గడువు కోసమే ఉంటుంది. కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.

మీ తాతగారు పోయి ఎన్నేళ్లయిందో రాయలేదు. క్లారినెట్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో కూడా రాయలేదు. అటక మీద ఉంటే దింపించు. మీ నాయనమ్మ పక్కన ఉండగా పెట్టె తెరువు. ఆవిడ ఏమంటే అది రాసుకో, ఆవిడ మాటల్లోనే, సరిదిద్దకు. తెరిచాక నాకు ఉత్తరం రాయి. ముక్కలు అన్నీ ఉన్నాయో లేదో చెప్పు. ఊదే చోట పెట్టే పల్చటి రెల్లు ముక్క, రీడు, ఇంకా మూతికి బిగించే ఉందా, విడిగా తీసి పెట్టారా అన్నది కూడా చూసి చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు