రేజర్ పడని చర్మానికి ఏ పద్ధతి మంచిది?

ప్రశ్న: నా వయసు 27 ఏళ్లు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ స్కూటీపై ఉద్యోగానికి వెళ్తాను. మర్మావయవాల దగ్గరి వెంట్రుకలను రేజర్‌తో తీసిన ప్రతిసారీ దురద, ఎర్రటి పొక్కులు వస్తున్నాయి. స్నేహితురాలు వ్యాక్సింగ్ చేయించుకోమంటోంది. మా వీధిలోని పార్లర్‌వారు లేజర్ చేస్తామంటున్నారు. శుభ్రత కోసం ఏది ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: శుభ్రత కోసమే అయితే ఆ వెంట్రుకలను తొలగించనవసరం లేదమ్మా. అవి సున్నితమైన చర్మాన్ని రాపిడి నుంచి కాపాడతాయి. రోజూ బయటి భాగాన్ని మంచినీటితో కడుక్కుంటే చాలు. తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, అందులో ఎవరి ఒత్తిడికీ తావుండకూడదు.

రేజర్‌తో కోసిన వెంట్రుక కొస పదునుగా తయారవుతుంది. అక్కడి వెంట్రుకలు వంకీలు తిరిగి ఉంటాయి కనుక, పెరిగేటప్పుడు ఆ కొస మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటుంది. పైగా కంటికి కనిపించని గాట్లలోంచి సూక్ష్మజీవులు చేరతాయి. చెమట, బిగుతైన జీన్స్, స్కూటీ సీటుపై రాపిడి ఈ బాధను పెంచుతాయి. అందుచేత మీకు ట్రిమ్మర్ అన్నిటికంటే క్షేమమని నా అభిప్రాయం. శస్త్రచికిత్సకు ముందు కూడా, వెంట్రుకలు తీయక తప్పనప్పుడు క్లిప్పర్ (ట్రిమ్మర్ లాంటి పరికరం) మాత్రమే వాడాలని, రేజర్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. ఇప్పుడున్న పొక్కులు మానాకే ట్రిమ్మర్ వాడండి. దాన్ని ఇంకెవరితోనూ పంచుకోకండి. పొక్కులు చీము పట్టినా, జ్వరం వచ్చినా వైద్యులకు చూపించండి.

వ్యాక్సింగ్‌తోనూ వెంట్రుకలు చర్మం లోపలే ముడుచుకునే ఇబ్బంది ఉంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవారు వ్యాక్సింగ్ జోలికి వెళ్లకూడదు, చర్మం ఊడివచ్చే ప్రమాదం ఉంది. హెయిర్ రిమూవల్ క్రీమ్ లోపలి తడి పొరకు తగిలితే మండి పుండు పడవచ్చు.

లేజర్ విషయంలో తొందరపడకండి. ఆ కాంతిని గ్రహించేది వెంట్రుకలోని మెలనిన్ అనే రంగు పదార్థం. మన చామనఛాయ చర్మంలోనూ అదే ఉంటుంది కాబట్టి, తగని యంత్రం వాడితే కాలిన గాయాలు, నల్లమచ్చలు మిగులుతాయి. మనలాంటి చర్మానికి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎన్‌డీ యాగ్ రకం లేజర్ మేలు. అది కూడా పార్లర్‌లో కాదు, చర్మవ్యాధి నిపుణుల దగ్గరే చేయించుకోవాలి. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో సాధారణంగా ఆరేడు సిట్టింగులు పడతాయి. వెంట్రుకలు బాగా పలచబడతాయి గానీ పూర్తిగా పోతాయని హామీ లేదు. నెలసరి క్రమం తప్పుతున్నా, గడ్డంపై వెంట్రుకలు వస్తున్నా ముందుగా హార్మోన్ పరీక్షలు చేయించుకోండి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాల పనితీరు దెబ్బతినే సమస్య) ఉండి దానికి చికిత్స తీసుకోకపోతే, లేజర్‌కు ఎంత ఖర్చు పెట్టినా కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి.