మామగారికి అండమాన్ చూపించాలి, చిట్టీ లేపమంటారా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా ఆయన భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు. నేను ఇంట్లో మగ్గం వర్క్ చేస్తాను, నెలకు పది పన్నెండు వేలు వస్తాయి. పిల్లలు ఏడు, నాలుగు తరగతులు. మామయ్యకు 71 ఏళ్లు. ముప్ఫై ఏళ్లు సోషల్ టీచర్‌గా చేశారు. కాలాపానీ పాఠం చెప్పిన ప్రతిసారీ ఆ జైలు ఒక్కసారి చూడాలనుకునేవారట. ఈమధ్య మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. ఆగస్టు 15 సెలవులకు నాలుగు రాత్రుల అండమాన్ ప్యాకేజీ, ఐదుగురికి విమానంతో కలిపి 1,94,000 రూపాయలని ట్రావెల్స్ వాళ్లు చెప్పారు. వాయిదాలైతే నెలకు 17,500 చొప్పున 12 నెలలు, వడ్డీ లేదట. మా ఆయన మాత్రం చిట్టీ లేపుదామంటున్నారు. అది ఐదు లక్షల చిట్టీ, 25 నెలలు, 11 నెలలు కట్టాం. పాప ఇంటర్ కోసం వేసింది. ఓడలో వెళ్తే చౌక అని కూడా ఎవరో చెప్పారు. మామయ్య తన పింఛను డబ్బులోంచి 50 వేలు ఇస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా వెళ్లండి. కానీ ఆగస్టులో వద్దు, చిట్టీ లేపి వద్దు. ఫిబ్రవరిలో వెళ్లండి. ఇప్పటినుంచి చూసుకుంటే మీ చేతిలో ఏడు నెలలు ఉన్నాయి, డబ్బు కూడదీసుకోవడానికి అవి చాలు. అంతకంటే వాయిదా వేయవద్దని కూడా నేనే చెబుతున్నాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన విషయంలో "పాప టెన్త్ అయ్యాక చూద్దాం" అనుకుంటే ఆ ప్రయాణం ఇక జరగదు.

ముందు చిట్టీ సంగతి. మన వరంగల్ వైపు ఏ అవసరం వచ్చినా మొదట చిట్టీయే గుర్తొస్తుంది. అందుకే లెక్క వివరంగా చెబుతాను. ఈ నెల పాట లక్ష రూపాయల దగ్గర ఆగిందనుకుందాం. మీ చేతికి నాలుగు లక్షలు వస్తాయి. అదే చివరిదాకా ఆగితే, కంపెనీ కమిషన్ 5 శాతం పోగా 4,75,000 వస్తాయి. అంటే ఇప్పుడు లేపినందుకు 75 వేలు వదులుకుంటున్నారు. పైగా మీకు కావాల్సింది రెండు లక్షలే, మిగతా రెండు లక్షలు ఊరికే తెచ్చుకుంటున్నారు. వాటిని బ్యాంకులో ఆరున్నర శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసినా 14 నెలల్లో 15 వేలే వస్తాయి. మొత్తం మీద రెండు లక్షలు వాడుకున్నందుకు 60 వేలు పోతున్నాయి. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ కన్నా ఎక్కువే! ఆ వడ్డీకి బయట అప్పు తెద్దామంటే మీ ఆయన ఒప్పుకుంటారా? ఇది కాక జామీను సంతకాల కోసం ఇద్దరు ముగ్గురు ఉద్యోగుల చుట్టూ తిరగాలి. ఆ చిట్టీ పాప చదువుది, దాన్ని అలాగే ఉంచండి.

వడ్డీ లేని వాయిదాలన్నారు. 17,500ను 12తో గుణిస్తే 2,10,000. రొక్కం కడితే 1,94,000. మధ్యలో ఉన్న 16 వేలే వడ్డీ, పేరు మాత్రం పెట్టలేదు. అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి ఇది ఏడాదికి 15 శాతం దాకా పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకా ఎక్కువ. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది.

ఇక ఆగస్టు. అండమాన్‌లో మే నెల సగం నుంచి నైరుతి వానలు. ద్వీపాల మధ్య తిరిగేది ఫెర్రీల్లోనే. సముద్రం పోటు మీదుంటే వాటిని ఆపేస్తారు. నేను ఒకసారి వానాకాలంలో కుటుంబంతో వెళ్లి హావ్‌లాక్ ద్వీపంలో ఇరుక్కుపోయాను. ఫెర్రీ ఒక్కరోజు ఆగింది, తిరుగు విమానం వెళ్లిపోయింది. నలుగురికి అప్పటికప్పుడు కొన్న టికెట్లకు, మొత్తం ప్రయాణానికి వేసుకున్న లెక్కలో మూడో వంతు పోయింది. అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను: తిరుగు విమానానికి ముందు రెండు రాత్రులు విమానాశ్రయం ఉన్న పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి. ఇలాంటి నాలుగు రాత్రుల ప్యాకేజీల్లో మామూలుగా నాలుగో రోజు సాయంత్రం ద్వీపం నుంచి తిరిగొచ్చి, ఐదో రోజు పొద్దున్నే విమానం ఎక్కాలి. 1,94,000 అనేది అన్యాయమైన ధరేమీ కాదు. నాకు నచ్చనిది ఈ ఏర్పాటు.

ఇంకొకటి. అలాంటి ప్యాకేజీల్లో సెల్యులార్ జైలును దిగిన రోజు సాయంత్రం గంటన్నరలో ముగించేస్తారు. మిగతా రోజులన్నీ బీచ్‌లే. అక్కడ సాయంత్రం ఐదు, ఐదున్నరకే పొద్దుగూకుతుంది. ప్రయాణ బడలికతో దిగిన పెద్దాయనను చీకటి పడకముందే చూపించాలని పరుగులు పెట్టిస్తారు. మీరు రెండు లక్షలు ఖర్చు పెడుతున్నదే ఆ జైలు కోసం! దానికి ఒక పూట మొత్తం ఇవ్వండి, సాయంత్రం అక్కడే జరిగే లైట్ అండ్ సౌండ్ షో వేరే రోజు పెట్టుకోండి.

మీ మామగారికి నేను చెప్పాల్సింది లేదు కానీ పిల్లల కోసం రాస్తున్నాను. 1857 తిరుగుబాటు తర్వాత, 1858లో ఖైదీలను అక్కడికి పంపడం మొదలైంది. మనం చూసే జైలును 1896 నుంచి 1906 దాకా కట్టారు. ఒక్కో ఖైదీకి ఒక్కో గది, ఏడు వరుసలు, అన్నీ నడిమి బురుజు దగ్గర కలుస్తాయి. ఇప్పుడు మూడు వరుసలే మిగిలాయి. 1857 జూలై 17న హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి నడిపిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కే పంపారు, ఆయన అక్కడే కన్నుమూశారు. ఆ రెసిడెన్సీయే ఇప్పటి కోఠి మహిళా విశ్వవిద్యాలయం. అప్పటికి ఈ జైలు గోడలు లేవు, శిక్ష మాత్రం అదే. తర్వాతి కాలంలో అల్లూరి సీతారామరాజు అనుచరులు కొందరు కూడా అక్కడ శిక్ష అనుభవించారు. విమానం కోసం హైదరాబాద్ ఎలాగూ వెళ్తారు కదా, దారిలో కోఠి భవనాన్ని బయటినుంచైనా పిల్లలకు చూపించమని మామగారికి చెప్పండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఓడ గురించి అడిగారు. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి ఓడలు ఉన్నాయి. అయితే వెళ్లడానికే దాదాపు మూడు రోజులు, రావడానికి మూడు రోజులు. విశాఖ నుంచి నడిచే ఓడలు మరీ తక్కువ. పెళ్లికాని కుర్రాళ్లయితే సరదాగా వెళ్లమనేవాణ్ని. మామగారికి వద్దు. మీ ఆయనకు పోయే మస్టర్ల (హాజరు రోజుల) లెక్క కూడా చూసుకోండి.

ఫిబ్రవరికి నేను వేసిన లెక్క ఇది. ఐదుగురికి హైదరాబాద్ నుంచి రానూపోనూ విమానం 75 వేలు. ఫెర్రీలకు 22,500. రెండు గదులు, ఆరు రాత్రులు, రోజుకు గదికి 2,500 చొప్పున 30 వేలు. బండికి 20 వేలు. తిండికి 17,500. టికెట్లు, పిల్లల సరదాలు 10 వేలు. హనుమకొండ నుంచి విమానాశ్రయానికి వెళ్లి రావడానికి 8 వేలు. మొత్తం 1,83,000. దీనిపైన 22 వేలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఫెర్రీ ఆగినా, ఒంట్లో బాగాలేకపోయినా ఆదుకునేది అదే. అంతా కలిపి 2,05,000 అనుకోండి. ధరలు అటూ ఇటూ అవుతాయి, టికెట్ కొనే రోజు సరిచూసుకోండి. మొత్తం పెరిగేలా ఉంటే హోటల్ స్థాయి తగ్గించుకోండి, రోజులు తగ్గించవద్దు.

బారాటాంగ్ సున్నపురాయి గుహలు ప్యాకేజీలో ఉంటే తీసేయమనండి. తెల్లవారక ముందే లేచి, గంటల తరబడి బండిలో కూర్చోవాలి. మోకాళ్లకు అది నరకం. ఆ దారి జరవా ఆదివాసుల అడవి గుండా పోతుంది, వాళ్లను ఫోటో తీయడం నేరం. ఎవరో మన ఇంటి ముందు నుంచి రోజూ వాహనాల్లో వెళ్తూ మనల్ని తొంగిచూస్తే ఎలా ఉంటుంది? ఆ దారిలో వెళ్లకుండా ఉండటమే మంచిదని నా అభిప్రాయం. ఆ రోజును నీల్ ద్వీపానికి ఇవ్వండి, పిల్లలు నీళ్లలో ఆడుకుంటారు. ధరలు పోల్చేటప్పుడు ఒక విషయం: పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయ పురం అని పేరు మార్చారు. హావ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. ఒకరు పాత పేర్లు, ఒకరు కొత్త పేర్లు రాస్తే వేరే ఊళ్లనుకోకండి.

డబ్బు ఎక్కడిది? మీ మగ్గం డబ్బులోంచి నెలకు 8 వేలు ఈ నెల నుంచే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేయండి. ఏడు నెలలకు 56 వేలు. దసరా ముందు సింగరేణి లాభాల వాటా వస్తుంది కదా, అందులోంచి లక్ష. మిగిలేది 49 వేలు, దాన్ని దీపావళి బోనస్ చూసుకుంటుంది. లాభాల వాటా మస్టర్లను బట్టి మారుతుంది కాబట్టి అది చేతికొచ్చాకే విమానం టికెట్లు కొనండి. అక్టోబర్‌లో కొన్నా ఫిబ్రవరికి నాలుగు నెలల ముందే కొన్నట్టు. సంక్రాంతి సెలవులు మాత్రం వద్దు, ధరలు మండుతుంటాయి. పిల్లలకు నాలుగు రోజులు బడి పోయినా పర్వాలేదు, ఇద్దరిదీ బోర్డు పరీక్షల తరగతి కాదు. మీ ఆయనకు ఎల్‌టీసీ (కంపెనీ ఇచ్చే ప్రయాణ భత్యం) ఈ విడత ఏళ్లలో మిగిలి ఉందో లేదో గని ఆఫీసులో ముందే అడగమనండి. వస్తే బోనస్‌లో ఆ మేరకు మిగులుతుంది. దేశంలోపలి ప్రయాణమే కాబట్టి పాస్‌పోర్టు అక్కర్లేదు, విదేశీ ప్యాకేజీల మీద ముందే పట్టే పన్ను (టీసీఎస్) కూడా ఉండదు.

విమానం టికెట్ కొనేటప్పుడే మామగారికి వీల్‌చైర్ సాయం కావాలని రాయించండి. ఆయన వాడే మందులు పది రోజులకు సరిపడా చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లో జైలు పక్కనే ఉంది, చిన్న ద్వీపాల్లో అంత వైద్యం దొరకదు. అందుకే ఆయన వరకైనా ప్రయాణ బీమా తీసుకోండి. చిన్న ద్వీపాల్లో సిగ్నల్ సరిగా ఉండదు, ఫోన్‌పేను నమ్ముకోకుండా 15 వేలు నోట్లు దగ్గర పెట్టుకోండి. భాష గురించి టెన్షన్ వద్దు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, బజారులో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది.

చివరిగా మామగారి 50 వేలు. ఆ డబ్బు ఆయన మందులకూ ఆసుపత్రికీ ఉండాలి, తీసుకోకండి. అయితే పూర్తిగా వద్దంటే ఆయన నొచ్చుకుంటారు. ఐదు వేలు తీసుకోండి. జైలు టికెట్లు, లైట్ అండ్ సౌండ్ షో టికెట్లు అందరికీ ఆయనే కొంటారని చెప్పండి. కౌంటర్ దగ్గర ఆయన్నే నిలబడనివ్వండి.