దేవుడి మాన్యం లెక్క అడగడం అపచారమా?

ప్రశ్న: మా ఊరి గుడి దేవాదాయ శాఖ కింద ఉంది. అమ్మవారి నగల జాబితా, మాన్యం కౌలు లెక్కలు సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ‘భక్తుల మనోభావాలకు సంబంధించిన విషయం, ఇవ్వలేం’ అని ఈవో గారు ఒక్క ముక్క రాసి పంపారు. ఇప్పుడేం చేయాలి?
– ఒక భక్తుడు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మూలమంత్రం గోప్యం కావచ్చు, కౌలు పద్దు కాదు. ఏ సమాచారం ఇవ్వనక్కర్లేదో 2005 నాటి చట్టంలో 8, 9 సెక్షన్లు చెబుతాయి. మనోభావాల ఊసు వాటిలో లేదు. పైగా నిరాకరిస్తే కారణం, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు రాసి తీరాలని 7(8) అంటోంది. కాబట్టి ఆ ఒక్క ముక్క జవాబే మీ అప్పీలుకు బలం. అది అందిన 30 రోజుల్లో 19(1) కింద మొదటి అప్పీలు వేయండి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. రోజుకు రూ.250 చొప్పున రూ.25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌దే. కాకపోతే అక్కడ విచారణకు చాలాకాలం పడుతుంది.

అందుకే, అప్పీలు నడుస్తుండగానే ఇంకో దరఖాస్తు సరిగ్గా రాసి పెట్టండి. ‘నగలు ఎందుకు తగ్గాయి?’ అంటే జవాబు రాదు. చట్టం ఇప్పించేది కాగితాలను, సంజాయిషీని కాదు. కాగితం పేరు పెట్టి అడగండి: తూకాలతో సహా ఆభరణాల రిజిస్టర్, చివరిసారి చేసిన నగల తనిఖీ నివేదిక, గత మూడేళ్ల హుండీ లెక్కింపు పంచనామాలు, ఆడిట్ నివేదికలు, కౌలు బకాయిలు తెలిపే డీసీబీ రిజిస్టర్.

భూముల విషయంలో అసలైనది 1987 దేవాదాయ చట్టం సెక్షన్ 43 కింద ఉండే రిజిస్టర్. అందులోని సర్వే నంబర్లను రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాతో, అంటే 22ఏతో సరిపోల్చండి. రిజిస్టర్‌లో ఉండి జాబితాలో లేని నంబరు దగ్గరే మాన్యం చేతులు మారే ప్రమాదం ఎక్కువ.

నకళ్లకు ముందు రికార్డుల పరిశీలన కోరండి. మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి 15 నిమిషాలకు రూ.5. కావలసిన పేజీలు గుర్తుపెట్టుకుని, పేజీకి రూ.2 కట్టి తీసుకోవచ్చు.

బీరువా ఎక్కడుంది, తాళాలు ఎవరి దగ్గర, రాత్రి కాపలా ఎవరు అని మాత్రం అడక్కండి. భద్రత పేరుతో మొత్తం దరఖాస్తునే పక్కన పెట్టేస్తారు. దాతల పేర్లు అడిగితే, వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె) చూపిస్తారు. విరాళాల మొత్తాలు చాలు. ఒక్క అంశం కోసం అన్నీ తిరస్కరిస్తే, ఇవ్వదగ్గ భాగం విడదీసి ఇవ్వాలన్న సెక్షన్ 10 అప్పీల్లో ఎత్తిచూపండి.

ప్రశ్న: మా ప్రార్థనా మందిరాన్ని నడిపేది ప్రైవేటు సొసైటీ. లెక్కలడిగితే ‘మాకు సమాచార హక్కు చట్టం వర్తించదు’ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ప్రభుత్వ నిధులు గణనీయంగా లేకపోతే నిజమే. అలాంటప్పుడు వాళ్లను వదిలి, సొసైటీల రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టండి. చట్టప్రకారం రిజిస్ట్రార్ తెప్పించుకోగల సమాచారం, ఏది ‘సమాచారమో’ నిర్వచించే 2(ఎఫ్) కిందికి వస్తుంది. సహకార సంఘాల విషయంలో తలప్పళం బ్యాంకు కేసులో (2013) సుప్రీంకోర్టు ఇదే దారి చూపింది. సొసైటీ దాఖలు చేసిన నిబంధనావళి, కార్యవర్గం జాబితా, వార్షిక లెక్కల నకళ్లు అడగండి. ‘దాఖలు చేయలేదు’ అని వస్తే ఆ జవాబు దాచుకోండి, రిజిస్ట్రార్‌కు ఇచ్చే ఫిర్యాదుకు అదే జతపరచాలి.