పిల్లల్ని ‘చూసి నేర్చేవాళ్లు, చేసి నేర్చేవాళ్లు’ అని విడగొట్టి లెక్కలు, సైన్సు చెప్పొచ్చా?

మీరు అడిగింది ఇది: అనంతపురం దగ్గర హైస్కూల్లో ఏడో తరగతి. కొందరు బొమ్మ చూస్తే పట్టేస్తారు, కొందరికి చేత్తో చేస్తేగానీ ఎక్కదు, కొందరికి సూత్రం చాలు. ఒక ప్రశ్నావళి ఇచ్చి మూడు గుంపులు చేయనా అని.

వద్దండీ. బలాలు వేరువేరన్న మాట నిజమే. కానీ పిల్లవాడికి ఒక ముద్ర వేసి దానికి తగ్గట్టే చెబితే బాగా నేర్చుకుంటాడనడానికి గట్టి ఆధారం లేదు. 2008లో పాష్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం అప్పటి పరిశోధనల్ని గాలించి తేల్చిందీ అదే. పైగా ‘చేతిపని’ గుంపులో పడ్డవాడు సూత్రం దాకా రానే రాడు. 1966లో బ్రూనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన వరస పట్టుకోండి: వస్తువు, బొమ్మ, గుర్తు. మూడు మెట్లూ అందరూ ఎక్కాల్సిందే. ఎవరు ఏ మెట్టు మీద ఎంతసేపు ఆగుతారన్నదే తేడా.

1/2 + 1/3 తీసుకోండి. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపి 2/5 అని రాసేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. పాత క్యాలెండర్ అట్టని 12 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కత్తిరించి మనిషికి మూడు ఇవ్వండి. ఒకటి అలాగే ఉంచి, రెండోదాన్ని రెండు, మూడోదాన్ని మూడు సమభాగాలు చేయాలి. మూడుకి మడవమంటే వంకర పోతుంది, స్కేలుతో 4, 8 దగ్గర గీతలు పెట్టించండి. 6 సెం.మీ. ముక్క, 4 సెం.మీ. ముక్క వరసగా మొత్తం పట్టీ మీద పేరిస్తే 12లో 10, అంటే 5/6. ఇప్పుడు 2/5 రాసినవాణ్ణే 12లో 2/5 ఎంతో కట్టమనండి. 4.8 వస్తుంది. ‘సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిందేంరా?’ అంటే చాలు, ఎర్ర ఇంకు అక్కర్లేదు. పట్టీలు మాత్రం మీరే కత్తిరించి ఇవ్వాలి. ఎవరికి తోచిన పొడవులో వాళ్లు చించుకుంటే వీడి సగం, వాడి మూడో వంతు ఒకే మొత్తంలోవి కావు, పాఠమే చెడుతుంది.

ముందే అయిపోయినవాళ్లకి అదే రకం లెక్కలు ఇంకో పది ఇవ్వకండి. 1/4 + 1/5 ఇచ్చి, ఎన్ని సెంటీమీటర్ల పట్టీ తీసుకుంటే రెండు ముక్కలూ పూర్ణసంఖ్యల్లో వస్తాయో అడగండి. 20 అని వాళ్లే పట్టుకుంటారు. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అంటే అదే. మన పిల్లలకి సెంట్లు ఇంట్లో వినే మాటే కదా, సరిచూసుకోవడం వాటితో చేయించండి: పావెకరా బుడ్డలు (వేరుశనగ) 25 సెంట్లు, ఎకరాలో అయిదో వంతు కంది 20 సెంట్లు, మొత్తం 45. నూటికి 45 అంటే 9/20.

సైన్సులో లోలకం ఇందుకు బాగా పనికొస్తుంది. దారానికి పెద్ద నట్టు కట్టి, పైన వేలాడదీసిన ముడి నుంచి నట్టు మధ్య దాకా 25 సెం.మీ., తర్వాత 100 సెం.మీ. ఉంచి 20 డోలనాలకి (వెళ్లి తిరిగొస్తే ఒక డోలనం) టైము చూడాలి. దాదాపు 20 సెకన్లు, 40 సెకన్లు వస్తాయి. పొడవు నాలుగింతలైతే టైము రెండింతలే ఎందుకైందో సూత్రాల పిల్లలకి వదలండి. సగం టైమే వచ్చిందంటే, వెళ్లడాన్ని ఒకటి, రావడాన్ని ఒకటిగా లెక్కపెట్టారని అర్థం. వదిలేటప్పుడే ‘ఒకటి’ అంటే ఒక డోలనం తగ్గుతుంది, ‘సున్నా’ అనిపించండి. బరువు మారిస్తే ఏమవుతుందో చూడ్డానికి రెండో నట్టుని మొదటిదాని కిందకి వేలాడదీస్తారు. అప్పుడు బరువు మధ్య కిందికి జారి లోలకం పొడవే పెరుగుతుంది, పిల్లలేమో బరువు వల్ల టైము మారిందని రాసేస్తారు. రెండూ పక్కపక్కన ఒకే ఎత్తులో కట్టించండి. పట్టిక రాసే పని ఎప్పుడూ చేతిరాత బాగున్న అమ్మాయికే పోతుంది, ప్రతి కొలతకీ పనులు మార్చండి.

మాటల్లో ఇచ్చే లెక్కల్లో వెనకబడ్డవాడికి లెక్క రాదని అప్పుడే అనుకోవద్దు. ఇంట్లో మాట్లాడేది తెలుగు కాకపోవచ్చు: రాయదుర్గం, ఆదోని వైపు కొన్ని ఇళ్లల్లో కన్నడ, కడప టౌన్లో కొన్ని ఇళ్లల్లో ఉర్దూ. ముందు పుస్తకం మూయించి, ఏం ఇచ్చారో ఏం కనుక్కోవాలో వాడి మాటల్లో చెప్పించండి. అక్కడ తడబడితే అడ్డం భాషది, అది దాటి కూడా ఆగితే అప్పుడు పట్టీలు తీయండి.